నెలనెలా వచ్చే పీఎంఐ నివేదిక: హైదరాబాద్‌లో వ్యాపారం చేసేవారికి ఎంతవరకు అక్కరకొస్తుంది

నెలలో మొదటి పనిదినం ఉదయం 10:30కి మన దేశ తయారీ రంగం పీఎంఐ (వ్యాపారం పెరుగుతోందో తగ్గుతోందో కంపెనీలను అడిగి కట్టే నెలవారీ సూచీ) విడుదలవుతుంది. మూడో పనిదినం అదే వేళకు సేవల రంగం పీఎంఐ, దాంతోపాటు రెండూ కలిపిన కాంపోజిట్ సూచీ వస్తాయి. మర్నాడు పేపర్లో బిజినెస్ పేజీ మూలన నాలుగు లైన్లు కనిపిస్తాయి, తయారీ నెమ్మదించిందనో సేవలు పుంజుకున్నాయనో. బాలానగర్‌లో షెడ్డు నడిపేవారు, రాణిగంజ్‌లో బేరింగులు అమ్మేవారు, మాదాపూర్ ఆఫీసులకు క్యాబులు తిప్పేవారు ఆ నాలుగు లైన్లు చూసి పేజీ తిప్పేస్తారు. నష్టం అక్కడే జరుగుతోంది. ఆ వార్తకు మూలమైన నివేదిక కొద్ది పేజీలే, ఎస్ అండ్ పీ గ్లోబల్ పీఎంఐ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. పేపర్లో వేసే ఆ ఒక్క అంకె మొత్తం నివేదికలో అన్నిటికంటే తక్కువ ఉపయోగపడే భాగం. మిగతాది చదవడం తెలిస్తే, ఉచితంగా దొరికే వ్యాపార సమాచారంలో ఇంత తాజాది మరొకటి లేదు.

పూర్తి పేరు పర్చేజింగ్ మేనేజర్స్ ఇండెక్స్. కంపెనీల్లో కొనుగోళ్ళు చూసే మేనేజర్లు ఇచ్చిన జవాబులతో కట్టే సూచీ అన్నమాట. వాళ్ళనే ఎందుకు అడగాలి? ఆర్డరు రాగానే ముందు కదలాల్సింది వాళ్ళే కాబట్టి. ముడిసరుకు ఎంత తెప్పించాలి, ఏ రేటుకు, ఎప్పటికల్లా అన్నది అమ్మకం ఖాతాల్లో పడకముందే వాళ్ళ టేబుల్ మీద ఉంటుంది. మన దేశానికి ఈ సర్వే చేసేది ఎస్ అండ్ పీ గ్లోబల్. స్పాన్సర్ హెచ్ఎస్‌బీసీ గనక హెచ్ఎస్‌బీసీ ఇండియా పీఎంఐ అని పిలుస్తున్నారు. పాత అంకెలు వెతికేవారు ఇక్కడ తికమక పడతారు. ఒకప్పుడు ఇదే హెచ్ఎస్‌బీసీ పేరుతో వచ్చింది, తర్వాత నిక్కీ పేరుతో, ఆపైన ఐహెచ్ఎస్ మార్కిట్, ఎస్ అండ్ పీ గ్లోబల్ పేర్లతో, ఇప్పుడు మళ్ళీ హెచ్ఎస్‌బీసీ పేరుతో. బోర్డు మారుతూ వచ్చింది గానీ కొట్టు అదే. తయారీ డేటా 2005 మార్చి నుంచి, సేవల డేటా అదే ఏడాది డిసెంబరు నుంచి ఉన్నాయి. 'నిక్కీ ఇండియా పీఎంఐ' అని కనిపించే 2017 నాటి అంకెను ఈనాటి అంకె పక్కన నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

తయారీకి సుమారు 400 ప్రైవేటు కంపెనీలు, సేవలకు సుమారు 400. రంగాన్ని బట్టి, కంపెనీలో ఎంతమంది పనిచేస్తున్నారన్న దాన్ని బట్టి వీటిని ఎంచుకుంటారు. నెల రెండో సగంలో ప్రశ్నలు వెళ్తాయి. ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: పోయిన నెలతో పోలిస్తే ఈ నెల మీ ఉత్పత్తి పెరిగిందా, అంతే ఉందా, తగ్గిందా? ఉత్పత్తి గురించి అడిగేటప్పుడు రూపాయల్లో కాకుండా పరిమాణంలో చెప్పమంటారు, రేట్లు పెరిగినంత మాత్రాన ఉత్పత్తి పెరిగినట్టు కనిపించకుండా. మీ అంచనా ఏమిటి, మీ నమ్మకం ఎంత అని అడగడం ఒక్క చోటే ఉంటుంది, రాబోయే 12 నెలల గురించిన ప్రశ్నలో. మిగతావన్నీ జరిగిపోయిన వాటి గురించే. ఈ సర్వే మీద గౌరవం పెరగడానికి మొదటి కారణం ఇదే.

లెక్క కట్టే పద్ధతి తెలియకపోతే అంకెను తప్పుగా చదవడం ఖాయం. పెరిగిందన్న వాళ్ళ శాతం, దానికి 'అంతే ఉంది' అన్న వాళ్ళ శాతంలో సగం కలపాలి. వంద కంపెనీల్లో 35 పెరిగిందన్నాయి, 50 అంతే అన్నాయి, 15 తగ్గిందన్నాయి అనుకుందాం. 35కు 25 కలిపితే 60. అందరూ 'అంతే' అంటే సరిగ్గా 50. ఆపైన ఉంటే విస్తరణ, కింద ఉంటే కుంచించుకుపోవడం. ఇంకో నెల 20 కంపెనీలు పెరిగిందని, మిగతా 80 అంతేనని, ఒక్కటీ తగ్గిందనలేదని అనుకోండి. అదీ 60యే. మొదటి దానిలో ఏడింట ఒక కంపెనీ ఇబ్బందుల్లో ఉంది, రెండో దానిలో ఎవరికీ ఇబ్బంది లేదు. అంకె మాత్రం తేడా చూపించదు. ఎంత పెరిగిందన్నదీ చూపించదు. 60 కంపెనీలకు ఒక్కో శాతం పెరిగి, 40 కంపెనీలకు ఇరవయ్యేసి శాతం పడిపోయినా సూచీ 60 అనే చెబుతుంది. ఎంతమందికి పెరిగిందన్నది కొలిచే పరికరం ఇది, ఎంత పెరిగిందన్నది దీని పని కాదు. వేల కంపెనీలున్న దేశంలో ఈ రెండూ చాలాసార్లు కలిసే నడుస్తాయి, అందుకే సూచీ పనికొస్తోంది. సంక్షోభం వచ్చినప్పుడు మాత్రం రెండూ విడిపోతాయి.

2020 చూస్తే ఇది బాగా బోధపడుతుంది. లాక్‌డౌన్ పూర్తిగా ఉన్న ఏప్రిల్‌లో సేవల పీఎంఐ 5.4. మే నెలలో 12.6. రెట్టింపు కంటే ఎక్కువైంది కదా, కోలుకుంటోందని అనుకున్నవాళ్ళు లేకపోలేదు. నిజానికి 12.6 అంటే ఏప్రిల్‌లో ఉన్న ఆ కొద్దిపాటి వ్యాపారం కూడా చాలా కంపెనీల్లో మేలో ఇంకా తగ్గిందని. పోలిక ఎప్పుడూ ముందు నెలతోనే. అదే ఏడాది ఆగస్టులో తయారీ సూచీ 52.0కు వచ్చింది. జులై కంటే ఆగస్టు మెరుగన్నంత వరకే దాని అర్థం. ఫిబ్రవరి నాటి స్థాయికి చేరిందో లేదో దానిలో ఎక్కడా లేదు. గోతిలోంచి పైకెక్కేవాడు ప్రతి మెట్టుకూ 'ఎక్కాను' అనే అంటాడు, గట్టు ఇంకా ఎంత దూరమో చెప్పడు.

దీనికి రివర్సులో జరిగే తప్పే పేపర్లలో ఎక్కువ. 2025 ఆగస్టులో తయారీ పీఎంఐ 59.3, సెప్టెంబరులో 57.7. ఇలాంటప్పుడు 'తయారీ తగ్గింది' అని శీర్షిక పెడితే పొరపాటే. 57.7 అంటే సెప్టెంబరులోనూ వ్యాపారం పెరిగిన కంపెనీలే ఎక్కువ, కాకపోతే పెరుగుదల ఆగస్టు అంత విస్తారంగా లేదు. బండి వేగం 60 నుంచి 50కి దిగితే వెనక్కి వెళ్తోందనం కదా.

అలాగని 50 దాటితే చాలనుకోవడం కూడా మన దేశానికి పనికిరాదు. తయారీ సూచీ దీర్ఘకాల సగటు సుమారు 54. అంటే మామూలుగా గడిచే నెలలో ఇక్కడ 54 వస్తుంది. 52 వచ్చిందంటే పేరుకు విస్తరణే, కానీ మన అలవాటు ప్రకారం అది మందగొడి నెల. రాణిగంజ్‌లో హోల్‌సేల్ చేసేవారు 50 గీతను పక్కనబెట్టి 54 దగ్గర గీత గీసుకుంటే మార్కెట్లో తాము చూస్తున్న దానితో అంకె ఎక్కువగా సరిపోతుంది.

ఇక తయారీ పీఎంఐ ఒక్క ప్రశ్న కాదు, ఐదు సూచీల మిశ్రమం. కొత్త ఆర్డర్లకు 30 శాతం బరువు, ఉత్పత్తికి 25, ఉద్యోగాలకు 20, సరఫరాదారుల డెలివరీ సమయానికి 15, కొన్న ముడిసరుకు నిల్వలకు 10. ఒక నెల కొత్త ఆర్డర్లు 62, ఉత్పత్తి 61, ఉద్యోగాలు 53, డెలివరీ 51, నిల్వలు 55 వచ్చాయనుకోండి. 18.6, 15.25, 10.6, 7.65, 5.5. మొత్తం 57.6. ఇక్కడ గమనించాల్సింది డెలివరీ సూచీని. దాన్ని తిరగేసి కలుపుతారు. సరుకు ఆలస్యంగా వస్తోందంటే సరఫరాదారుల దగ్గర ఆర్డర్లు కిక్కిరిసి ఉన్నాయని, అంటే గిరాకీ బాగుందని ఈ పద్ధతి లెక్కలో అర్థం. మామూలు రోజుల్లో అది నిజం. జీడిమెట్లలో కాస్టింగులు పోసేవాడు వారంలో ఇచ్చేది మూడు వారాలు పడుతోందంటే అతనికి చేతినిండా పని ఉన్నట్టే. కానీ లారీలు రోడ్డెక్కక, ఓడరేవులో కంటెయినర్ ఇరుక్కుపోయి ఆలస్యమైనా లెక్క అదే. పైన మనం అనుకున్న నెలలో తిరగేసిన డెలివరీ సూచీ ఒక్కటే 51 నుంచి 65కు మారితే మొత్తం 57.6 కాస్తా 59.7 అవుతుంది. ఒక్క ఆర్డరూ పెరగకుండానే 2.1 పాయింట్ల లాభం. 2020 ఏప్రిల్‌లో తయారీ పీఎంఐ 27.4 దగ్గర ఆగింది గానీ, ఈ తిరగేసిన డెలివరీ లేకపోతే ఇంకా కిందికి పోయేది. రవాణా సమ్మెలు, ఓడల రద్దీ, వరదలు ఉన్న నెలలో పైకి పోయిన అంకెను చూసి సంబరపడకముందు నివేదికలో డెలివరీ పేరా చదవాలి. ఆలస్యానికి కారణం గిరాకీయా, అడ్డంకా అన్నది సాధారణంగా ఆ పేరాలోనే ఉంటుంది.

సేవల సూచీలో ఈ బాధ లేదు. పైన కనిపించే అంకె ఒకే ప్రశ్నకు జవాబు, వ్యాపార కార్యకలాపం పెరిగిందా లేదా అని. కొత్త వ్యాపారం, ఉద్యోగాలు, రేట్లు, పెండింగ్ పనులు విడిగా ఇస్తారు. రెండు రంగాల పీఎంఐలను పక్కపక్కన పెట్టి 'తయారీ కంటే సేవలు మూడు పాయింట్లు ముందున్నాయి' అని చెప్పేవారు ఈ సంగతి మరిచిపోతారు. ఒకటి ఐదింటి మిశ్రమం, ఇంకొకటి ఒక్కటే. వాటిని తూచే త్రాసు ఒకటి కాదు.

కాంపోజిట్ దగ్గర చాలామంది చదువరులు ఆగిపోయే చోటు ఒకటుంది. 2025 ఆగస్టు: తయారీ 59.3, సేవలు 62.9, కాంపోజిట్ 63.2. సగటు అనేది రెండిటి మధ్యలో పడాలి కదా, రెండిటికీ పైన ఎలా పోయింది? అచ్చుతప్పేమో అనిపిస్తుంది. అచ్చుతప్పు కాదు. కాంపోజిట్‌లో కలిపేది తయారీ పీఎంఐ 59.3ను కాదు, దాని లోపలి ఐదు సూచీల్లో ఒకటైన ఉత్పత్తి సూచీని. దాన్నీ సేవల కార్యకలాపాల సూచీనీ ఆర్థికవ్యవస్థలో ఆయా రంగాల వాటా ప్రకారం కలుపుతారు. కాంపోజిట్ 63.2 వచ్చిందంటే ఆ నెల తయారీ ఉత్పత్తి సూచీ 63.2 కంటే ఎక్కువే ఉండాలి. అది తెలియగానే ఇంకో విషయం కూడా తెలుస్తుంది: ఉత్పత్తి అంత పైనున్నా తయారీ పీఎంఐ 59.3 దగ్గరే ఉందంటే మిగతా నాలుగింటిలో కొన్ని కిందికి లాగాయి. ఉద్యోగాలు, డెలివరీ, నిల్వలు సాధారణంగా ఉత్పత్తి అంత పైకి పోవు కాబట్టి లాగింది అవే కావచ్చు. ఒక్క అంకెల జతలోంచి ఇంత బయటికొస్తుంది, నివేదిక తెరవకముందే. అదే ఏడాది అక్టోబరులోనూ ఇలాగే జరిగింది: తయారీ 59.2, సేవలు 58.9, కాంపోజిట్ 60.4.

ఫ్లాష్ పీఎంఐ గురించి కాస్త కఠినంగానే చెప్పాలి. నెల మూడో వారం దాటాక, అన్ని జవాబులూ రాకముందే వచ్చిన వాటితో ఒక తొలి అంచనా ఇస్తారు. స్టాక్ మార్కెట్లో ఉన్నవారికి అది అవసరమే. సరుకు కొని అమ్మేవారికి అవసరం లేదు. 2025 ఆగస్టు ఫ్లాష్‌లో సేవలు 65.6, కాంపోజిట్ 65.2 అని వచ్చింది. తుది నివేదికలో సేవలు 62.9, కాంపోజిట్ 63.2. రెండు వారాల్లోపే సేవల అంకె 2.7 పాయింట్లు దిగింది. తొలి అంచనా అంటే సవరణ ఉంటుంది, అది తప్పనలేం. కానీ ఫ్లాష్ వచ్చిన రోజు పెద్ద అక్షరాలతో వేసిన వార్తను, తుది అంకె వచ్చిన రోజు ఎవరూ సరిదిద్దరు. పది రోజులు ఓపిక పడితే పోయేదేమీ లేదు. తుది అంకె ఒకసారి వచ్చాక దాని వెనకున్న జవాబుల డేటాను మార్చరు, సీజన్ సర్దుబాటును (ఏటా అదే కాలంలో వచ్చే హెచ్చుతగ్గులను తీసేసే లెక్కను) మాత్రం అప్పుడప్పుడు సవరిస్తారు. ఎన్నోసార్లు సవరించే పారిశ్రామికోత్పత్తి సూచీ, జీడీపీ అంకెలతో పోలిస్తే ఇది పెద్ద సుగుణం.

అంకె ఎంత కదిలితే నిజంగా కదిలినట్టు? నివేదికలో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు, ఉంటే బాగుండేది. పైన వేసుకున్న 35, 50, 15 లెక్కతో చూస్తే, 400 జవాబుల మీద కేవలం ఎవరెవరు జవాబిచ్చారన్న యాదృచ్ఛికత వల్ల ఒక్క ప్రశ్న సూచీ మామూలుగానే 1.7 పాయింట్ల మేర అటూ ఇటూ ఊగగలదు. నెలనెలా అవే కంపెనీలను అడగడం వల్ల, రంగాల వారీగా పంచి ఎంచుకోవడం వల్ల అసలు ఊపు అంతకంటే తక్కువ ఉండొచ్చు. అయినా 0.3, 0.5 పాయింట్ల తేడాకు కారణాలు వెతకడం వృథా. వరసగా మూడు నెలలు ఒకే వైపు కదిలితేనో, ఒకేసారి రెండు పాయింట్లకు మించి మారితేనో పట్టించుకోవాలి. పెద్దనోట్ల రద్దు నెల 2016 నవంబరులో సేవల పీఎంఐ 54.5 నుంచి 46.7కు పడింది. జీఎస్టీ మొదలైన 2017 జులైలో తయారీ 50.9 నుంచి 47.9కు దిగింది. కదలిక అంటే అది.

ఇప్పుడు మన ఊరి సంగతి. తెలంగాణకు విడిగా పీఎంఐ లేదు, హైదరాబాద్‌కు అసలే లేదు. దేశం మొత్తానికి 400 కంపెనీల్లోంచి ఒక నగరం అంకె తీయడం సాధ్యం కూడా కాదు. అంతకంటే ముఖ్యం, ఏ వ్యాపారాలు ఈ సర్వేలోకే రావన్నది. సేవల సర్వేలో రవాణా, సమాచార, కమ్యూనికేషన్ రంగం, ఆర్థిక సేవలు, బీమా, రియల్ ఎస్టేట్, వ్యాపార సేవలు, వినియోగదారుల సేవలు ఉంటాయి. రిటైల్ ఉండదు. జనరల్ బజార్ బట్టల కొట్లు, కోఠి ఎలక్ట్రానిక్స్, అబిడ్స్ షోరూములు దీనిలో లేవు. నిర్మాణ రంగమూ లేదు, వ్యవసాయమూ లేదు. కోకాపేట, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్ల పని ఎంత జోరుగా ఉన్నా, ఎంత ఆగిపోయినా పీఎంఐకి నేరుగా తెలియదు. సిమెంటు, స్టీలు కంపెనీల ఆర్డర్ల రూపంలో చుట్టుతిరిగి వస్తుందంతే. పైగా ప్రశ్నలు వెళ్ళేది కొనుగోళ్ళ మేనేజరు పేరిట. రెండు లేత్ మిషన్లతో నడిచే చర్లపల్లి వర్క్‌షాపులో కొనేవాడు, చేసేవాడు, బిల్లు రాసేవాడు ఒకరే. అలాంటి యూనిట్ల కష్టసుఖాలు దీనిలో వినిపిస్తాయని ఆశించకూడదు.

మరి ఎవరికి బాగా పనికొస్తుంది? హైటెక్ సిటీ, గచ్చిబౌలి మీద ఆధారపడ్డ వ్యాపారాలకు మొదట. ఐటీ కంపెనీలకు క్యాంటీన్, క్యాబ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ ఇచ్చేవారు, పీజీ హాస్టళ్ళు నడిపేవారు సేవల నివేదికలో మూడు చోట్ల ఆగాలి: కొత్త ఎగుమతి వ్యాపారం, పెండింగ్ పనులు, ఉద్యోగాలు. విదేశీ ఆర్డర్లు పెరిగి, పెండింగ్ పని పేరుకుపోతుంటే కొన్ని నెలల్లో కొత్త మనుషుల్ని తీసుకుంటారు. విదేశీ ఆర్డర్లు నీరసించి పెండింగ్ కూడా కరిగిపోతుంటే ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఉండే జనం పెరుగుతారు, క్యాంటీన్లో ప్లేట్లు తగ్గుతాయి. ఉద్యోగాల సూచీ ఒక్కదాన్నే చూస్తే ఆలస్యమవుతుంది. ఎందుకంటే ఆ ప్రశ్నకు అత్యధికులు ఎప్పుడూ 'అంతే' అంటారు, అంకె 50 దగ్గరే తచ్చాడుతుంది. పెండింగ్ పనుల సూచీ దానికంటే ముందు కదులుతుంది.

రెండోది మందుల పరిశ్రమ చుట్టూ ఉన్నవారు. పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల బల్క్ డ్రగ్ యూనిట్లకు సాల్వెంట్లు, డ్రమ్ములు, ప్యాకింగ్, రియాక్టర్ విడిభాగాలు సరఫరా చేసేవారు తయారీ నివేదికలో ఎగుమతి ఆర్డర్లు, ముడిసరుకు కొనుగోళ్ళ పరిమాణం చూడాలి. ఈ రెండోది పైనున్న పీఎంఐ లెక్కలోకి రాదు, విడిగా ఇస్తారు, అందుకే వార్తల్లో కనిపించదు. సరఫరాదారుకు మాత్రం అదే అసలు అంకె. అవతలివాడి కొనుగోళ్ళే ఇవతలివాడి అమ్మకాలు కదా. కొన్న సరుకు నిల్వలు పెరుగుతూ కొనుగోళ్ళు తగ్గుతుంటే, కంపెనీలు గోడౌన్లో ఉన్నది వాడుకుని కొత్త ఆర్డరు ఆపుతాయని ముందే లెక్కేసుకోవాలి. తయారైన సరుకు నిల్వల సూచీ ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. అది పడిపోతే రెండు అర్థాలు. కొత్త ఆర్డర్లు బలంగా ఉన్నప్పుడు పడితే, అమ్మకాలకు ఉత్పత్తి చాలక గోడౌన్ ఖాళీ అవుతోందని. ఆర్డర్లు బలహీనంగా ఉన్నప్పుడు పడితే, కంపెనీలే తయారీ తగ్గించుకుంటున్నాయని. ఆర్డర్ల అంకె పక్కన లేకుండా ఈ సూచీ ఏమీ చెప్పదు.

అందరికీ ఉపయోగపడేది రేట్ల జత. ఇన్‌పుట్ ధరల సూచీ, అవుట్‌పుట్ ధరల సూచీ. కొనే సరుకు రేటు పెరిగిందన్నవారు ఎందరు, అమ్మే సరుకు రేటు పెంచామన్నవారు ఎందరు. ఈ రెండిటి మధ్య దూరమే మార్జిన్ ఎటు పోతోందో చెప్పే గుర్తు. ఇన్‌పుట్ 58, అవుట్‌పుట్ 52 ఉంటే ఖర్చు పెరుగుదలను కంపెనీలు తమ జేబులోంచి భరిస్తున్నాయి. అలాంటి నెలల్లో అవి చేసే మొదటి పని చిన్న సరఫరాదారు దగ్గర రేటు బిగించడం, రెండో పని చెల్లింపు 45 రోజుల్లో రావాల్సింది 75కు జరపడం. రేట్ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నవారు మూడు నెలల ఈ జతను కాగితం మీద రాసుకుని కూర్చోవాలి. రెండూ పైనుంటే రేటు పెంచమని అడగడానికి అదే సమయం. అవతలి పర్చేజ్ మేనేజరుకు కూడా ఈ అంకెలు తెలిసే ఉంటాయి.

భవిష్యత్ అంచనా సూచీ మీద పెద్దగా ఆధారపడొద్దు. వచ్చే ఏడాది బాగుంటుందా అని అడిగితే మన దగ్గర 'బాగుంటుంది' అనేవారే ఎప్పుడూ ఎక్కువ. దాన్ని 50తో పోల్చడం దండగ, దాని పాత సగటుతోనే పోల్చాలి.

పండగల విషయంలో ఒక మాట. సూచీలన్నీ సీజన్ సర్దుబాటు చేసినవే. కానీ మన పండగలు తారీఖులు మారుస్తాయి. దీపావళి 2023లో నవంబరు 12న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. దసరాకు షెడ్లు మూసే రోజులు, సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అయ్యే వారం ప్రతి కంపెనీ జవాబులోనూ ఉంటాయి. ఏ సర్దుబాటైనా దీన్ని పూర్తిగా తుడిచేయలేదు. అందుకే అక్టోబరు, నవంబరు అంకెలను విడివిడిగా నమ్మకుండా రెండూ కలిపి సగటు తీసుకోవడం మేలు.

చదివేవారి వైపు నుంచి చూస్తే నివేదికలో లోపాలు రెండు. ఉపసూచీల గురించి నివేదికలో మాటలే ఎక్కువ, అంకెలు తక్కువ. 'కొత్త ఆర్డర్లు వేగంగా పెరిగాయి', 'మూడు నెలల్లో నెమ్మది' లాంటి వాక్యాలు ఉంటాయి, చాలాచోట్ల కచ్చితమైన అంకె ఉండదు, చార్టు చూసి ఊహించుకోవాలి. పూర్తి చరిత్ర డేటా కావాలంటే డబ్బు కట్టి చందా తీసుకోవాలి, అది చిన్న వ్యాపారికి అందే విషయం కాదు. రెండో లోపం భాష. నివేదిక ఇంగ్లిష్‌లోనే వస్తుంది, తెలుగులో వచ్చేది ఆ నాలుగు లైన్ల వార్తే. చందా లేనివారికి ఒక దారుంది. రిజర్వు బ్యాంకు నెలవారీ బులెటిన్‌లో ఆర్థిక పరిస్థితి మీద వచ్చే వ్యాసంలో, ఆర్థిక శాఖ నెలవారీ సమీక్షలో పీఎంఐని ఇతర సూచీలతో కలిపి చూపిస్తారు, అవి ఉచితం.

పీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకోకుండా పక్కన పెట్టుకోవాల్సినవి కొన్ని. పారిశ్రామికోత్పత్తి సూచీ 2025 ఏప్రిల్ నుంచి ప్రతి నెల 28న, ముందు నెల అంకెతో వస్తోంది. ఎంత పెరిగిందన్నది అది చెబుతుంది, పీఎంఐ కంటే దాదాపు నాలుగు వారాలు ఆలస్యంగా. తెలంగాణ సంగతి కావాలంటే జీఎస్టీ పోర్టల్‌లో రాష్ట్రాల వారీ వసూళ్ళు చూడాలి. ఒక నెల వసూలు చాలావరకు అంతకుముందు నెల వ్యాపారానిదని, రేట్లు పెరిగినా వసూలు పెరుగుతుందని, పన్ను శ్లాబులు మారిన నెలలకు పోలిక చెడుతుందని గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాయి కాబట్టి దానికి అటూ ఇటూ ఉన్న నెలలను నేరుగా పోల్చకూడదు. సరుకు రవాణాకు ఈ-వే బిల్లుల సంఖ్య మంచి గుర్తు. రిటైల్ వారికి రిజర్వు బ్యాంకు వినియోగదారుల విశ్వాస సర్వే ఉంది, అది అడిగే నగరాల్లో హైదరాబాద్ కూడా ఒకటి.

ఇన్ని ఉన్నా బాలానగర్ షెడ్లకు, బేగంబజార్ హోల్‌సేలర్లకు సరిగ్గా సరిపోయే సూచీ ఎవరూ తయారుచేసి ఇవ్వరు. అసోసియేషన్లు తలుచుకుంటే సొంతంగా చేసుకోవచ్చు, ఖర్చు దాదాపు లేదు. ముప్ఫై మంది సభ్యులు చాలు, కానీ ప్రతి నెలా అదే ముప్ఫై మంది కావాలి. నెలలో 20 నుంచి 25 మధ్య వాట్సాప్‌లో ఐదు ప్రశ్నలు: ఆర్డర్లు, పని పరిమాణం, కొనే రేటు, అమ్మే రేటు, రావాల్సిన బాకీలు. పోయిన నెల కంటే పెరిగాయా, అంతేనా, తగ్గాయా, ఒక్క లైనులో కారణం. ఆర్డర్లు, పని రూపాయల్లో అడగొద్దు. టన్నులు, పీసులు, జాబుల్లో అడగాలి. ఎవరి జవాబు ఎవరికీ కనిపించకూడదు. పోటీదారు చూస్తాడని తెలిస్తే ఎవరూ తగ్గిందని రాయరు. ముప్ఫై మందితో అంకె సులువుగా ఆరేడు పాయింట్లు ఊగుతుంది, కాబట్టి మూడు నెలల సగటే వాడాలి. సీజన్ సర్దుబాటు చేయాలంటే కనీసం మూడు నాలుగేళ్ళ డేటా ఉండాలి. అది జమయ్యే దాకా 'పోయిన ఏడాది ఇదే నెల కంటే ఎలా ఉంది' అని ఇంకో ప్రశ్న కలిపితే దసరా, సంక్రాంతి నెలలు తప్పుదారి పట్టించవు.

జవాబు రాని వాళ్ళ గడిలో 'అంతే' అని నింపేయడం ఇలాంటి సర్వేల్లో అందరూ చేసే తప్పు. అలా చేస్తే అంకె 50 వైపు జారుతుంది, చెడ్డ నెల మామూలు నెలలా కనిపిస్తుంది. రాని వాళ్ళను ఆ నెల లెక్కలోంచి తీసేసి, మిగిలిన వాళ్ళ మీదే శాతం కట్టాలి. ఎంతమంది జవాబిచ్చారో అంకె పక్కనే రాయాలి. ఎప్పుడూ టంచనుగా జవాబిచ్చేవాళ్ళు ఒకే నెలలో ఐదారుగురు మౌనంగా ఉండిపోతే, ఆ నెల సూచీ కంటే ముందు వాళ్ళకు ఫోన్ చేయాలి.